నగరం నుంచి ప్రేమ్ బజార్‌కు: శరీరం దేనికి అలవాటు పడుతుంది, దేనికి పడదు?

కోల్‌కతా నుంచి ఖరగ్‌పూర్‌లోని ప్రేమ్ బజార్‌కు ఇల్లు మారిన కొత్తలో, అర్ధరాత్రి గూడ్సు బండి కూత వినపడితే ఇంట్లో అందరం ఉలిక్కిపడి లేచేవాళ్లం. నెల తిరిగేసరికి ఆ కూత ఎప్పుడు వచ్చిందో కూడా తెలియకుండా పోయింది. ఇంటికొచ్చిన చుట్టాలు మాత్రం పొద్దున్నే ఎర్రబడ్డ కళ్లతో లేచి, ఇంత చప్పుడులో నిద్రెలా పడుతోందని అడిగేవాళ్లు. అలవాటైపోయింది అనేవాళ్లం.

ఉద్యోగం కోసం హౌరా దాకా లోకల్ రైల్లో వెళ్లి రావడం గురించి అడిగినా అదే జవాబు. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం గురించి అడిగినా, మే నెల ఎండ గురించి అడిగినా అదే జవాబు. నాలుగు సంగతులకు ఒకటే మాట వాడుతున్నాం. కానీ ఈ నాలుగింటిలోనూ శరీరం చేసే పని ఒకటి కాదు. ఎండకు శరీరం నిజంగానే అలవాటు పడుతుంది. చప్పుడుకు సగమే పడుతుంది. నిద్ర తగ్గితే అలవాటు పడినట్టు అనిపిస్తుంది, పడదు. రోజూ చేసే దూర ప్రయాణానికైతే చాలామంది ఏళ్లు గడిచినా అలవాటు పడలేరని పరిశోధనలు చెబుతున్నాయి.

నగరంలో అద్దెలు భరించలేక రైలు మార్గం వెంబడి దూరంగా జరిగే కుటుంబాలు దేశమంతటా ఉన్నాయి. కోల్‌కతాలో ఉద్యోగం చేస్తూ ఖరగ్‌పూర్ వైపు వచ్చేవాళ్లకైనా, హైదరాబాద్‌లో పనిచేస్తూ ఘట్‌కేసర్ అవతల ఇల్లు వెతికేవాళ్లకైనా ప్రశ్న ఒకటే. ఒక గది ఎక్కువున్న ఇల్లు, కాస్త చెట్టు నీడ ఒక పక్క. రోజుకు కొన్ని గంటల ప్రయాణం మరో పక్క. ఈ తూకం వేసేటప్పుడు "పోను పోను అదే అలవాటవుతుంది" అని ఎవరైనా అంటే, ఏది అలవాటవుతుందో ఏది కాదో విడదీసి చూసుకోవాలి.

రైలు కట్టిన ఊరు

ఖరగ్‌పూర్ రైల్వే వల్ల పుట్టిన పట్టణం. 1887లో ఏర్పడిన బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే ఇక్కడ జంక్షన్, వర్క్‌షాప్ కట్టుకుంది. 1900లో కోలాఘాట్ దగ్గర రూప్‌నారాయణ్ నది మీద వంతెన సిద్ధం కావడంతో హౌరాకు నేరుగా దారి ఏర్పడింది. తూర్పు తీరం వెంబడి వాల్తేరు వైపు సాగిన మార్గం గుండా శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువాళ్లు ఇక్కడి వర్క్‌షాపు పనికి, లైను పనికి వచ్చి స్థిరపడ్డారు. నాలుగైదు తరాల తర్వాత కూడా బజారులో తెలుగు వినిపిస్తుంది. పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం 2020 డిసెంబరులో తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించడానికి ఖరగ్‌పూర్ తెలుగువాళ్లే ముఖ్య కారణం.

ప్రేమ్ బజార్ హిజ్లీ వైపు, ఐఐటీ ప్రాంగణాన్ని ఆనుకుని ఉంటుంది. బ్రిటిష్ కాలపు హిజ్లీ నిర్బంధ శిబిరం భవనంలో 1951లో దేశంలోని మొదటి ఐఐటీ మొదలైంది. విద్యార్థులు, ఉద్యోగులు, రిటైరైన రైల్వేవాళ్లు కలిసి ఉండే పేట ఇది.

పాత ఖరగ్‌పూర్‌ను కట్టిన పద్ధతిలో ఒక విశేషం ఉంది. పని చేసే చోటికి దగ్గర్లోనే క్వార్టర్లు కట్టారు. వర్క్‌షాపు కార్మికుడు నడిచో, సైకిల్ మీదో పనికి వెళ్లేవాడు. ఇప్పుడు అదే ఊరి నుంచి తెల్లవారుజామున హౌరా లోకల్ ఎక్కేవాళ్లది తలకిందులైన జీవితం. ఇల్లు ఇక్కడ, పని 115 కిలోమీటర్ల అవతల.

ఎండ: రెండు వారాల్లో నిజమైన మార్పు

నగరం వదిలితే చల్లగా ఉంటుందని చాలామంది అనుకుంటారు. అది రాత్రి విషయంలో చాలావరకు నిజం. సిమెంటు, ఇటుక, తారు పగలంతా వేడిని దాచుకుని రాత్రంతా వదులుతుంటాయి. ఎత్తైన గోడల మధ్య ఆ వేడి ఆకాశంలోకి సులువుగా పోలేదు. నగర ఉష్ణ ద్వీపం అని పిలిచే ఈ ప్రభావాన్ని 200 ఏళ్ల కిందటే ల్యూక్ హోవర్డ్ లండన్‌లో కొలిచి చూపాడు. చెట్లు, ఖాళీ నేల ఎక్కువగా ఉన్న చోట రాత్రి త్వరగా చల్లబడుతుంది.

పగటి సంగతి వేరు. గంగా డెల్టా ఒండ్రు నేల ముగిసి, ఛోటా నాగ్‌పూర్ పీఠభూమి వైపు ఎర్రటి లాటరైట్ నేల మొదలయ్యే అంచు మీద ఖరగ్‌పూర్ ఉంది. వేసవిలో ఈ నేల పైపొర ఎండిపోతుంది. నేలలో తడి ఉంటే సూర్యుడి నుంచి వచ్చే శక్తిలో కొంత నీటిని ఆవిరి చేయడానికి ఖర్చవుతుంది. తడి లేకపోతే ఆ శక్తి దాదాపు అంతా నేలను, గాలిని వేడెక్కిస్తుంది. దానికి పడమటి నుంచి వచ్చే పొడి గాలి తోడవుతుంది. 2024 ఏప్రిల్ 30న ఖరగ్‌పూర్ పక్కనే ఉన్న కలైకుండాలో 47.2 డిగ్రీల సెల్సియస్ నమోదైంది. అదే రోజు కోల్‌కతాలో 43 డిగ్రీలు ఉంది.

ఇలాంటి చోటికి కొత్తగా వచ్చిన మనిషి శరీరంలో ఏడు నుంచి పద్నాలుగు రోజుల్లో కొలవదగ్గ మార్పులు వస్తాయి. రక్తంలోని ద్రవభాగం పెరుగుతుంది, అందువల్ల అదే పనికి గుండె తక్కువ సార్లు కొట్టుకుంటే సరిపోతుంది. చెమట ముందుగా మొదలవుతుంది, ఎక్కువగా పడుతుంది. చెమటలో ఉప్పు తగ్గుతుంది. ఒక లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే శరీరం నుంచి సుమారు 24 లక్షల జౌళ్ల వేడి పోతుంది. ఒక కిలోవాటు హీటరు 40 నిమిషాల్లో ఇచ్చే వేడి అంత. కాబట్టి చెమట పట్టే పద్ధతి మారడం చిన్న విషయం కాదు.

ఇది అసలైన అలవాటు. గుండె వేగాన్ని, చెమటను, శరీర ఉష్ణోగ్రతను కొలిచి దీన్ని చూపించవచ్చు. అయితే రెండు షరతులున్నాయి. మొదటిది, ఎండలో తిరిగితేనే ఇది వస్తుంది. పగలంతా ఏసీ ఆఫీసులో గడిపేవాళ్లకు పూర్తిగా రాదు, వచ్చింది కూడా కొన్ని వారాల్లో పోతుంది. రెండోది, దీనికి హద్దుంది. గాలిలో తేమ బాగా ఎక్కువైతే చెమట ఆవిరి కాకుండా కారిపోతుంది, అప్పుడు ఎంత అలవాటైన శరీరమైనా చల్లబడలేదు. బెంగాల్ పొడి ఎండ కన్నా రుతుపవనాల ముందు వచ్చే ఉక్క ఎక్కువ ప్రమాదకరం కావడానికి కారణం ఇదే.

చప్పుడు: మెదడు వదిలేస్తుంది, గుండె వదలదు

గూడ్సు బండి కూతకు అలవాటు పడడం మరో రకం. ఇక్కడ చెవిలో ఏమీ మారదు. హాని చేయని ఒకే శబ్దం మళ్లీ మళ్లీ వస్తే మెదడు దానికి స్పందించడం తగ్గిస్తుంది. నాడీ వ్యవస్థకు తెలిసిన అతి సరళమైన నేర్పు ఇది. ఎరిక్ కాండెల్ దీన్ని అప్లీసియా అనే సముద్రపు నత్తలో పరిశీలించాడు. దాని నీటి గొట్టాన్ని మెల్లగా తాకితే మొప్పను లోపలికి లాక్కుంటుంది. పదే పదే తాకితే లాక్కోవడం తగ్గిపోతుంది. స్పర్శను మోసే నాడీకణం తర్వాతి కణానికి విడుదల చేసే రసాయనం తగ్గడమే దీనికి కారణమని ఆయన బృందం చూపింది. జ్ఞాపకశక్తి మీద చేసిన ఈ తరహా పరిశోధనలకే 2000లో ఆయనకు నోబెల్ బహుమతి దక్కింది.

మనలోనూ ఇదే సూత్రం. రాత్రి అదే వేళకు, అదే స్థాయిలో వచ్చే శబ్దాన్ని మెదడు ముందే ఊహిస్తుంది. ఊహించినట్టే వస్తే పట్టించుకోదు. కొత్త శబ్దం, పేరు పెట్టి పిలిచిన పిలుపు, పసిబిడ్డ ఏడుపు మాత్రం నిద్రలోనూ అందుతాయి. అందుకే రైలుకు లేవని తల్లి బిడ్డ కదలికకు లేస్తుంది.

కొత్తగా వచ్చినవాళ్లకు మరో సందేహం వస్తుంది. పట్టాలు దూరంగా ఉన్నాయి, పగలు రైలు చప్పుడే వినిపించదు. రాత్రయితే ఇంటి వెనకే వెళ్తున్నట్టు ఎందుకుంటుంది? ఊరు సద్దుమణగడం ఒక కారణం. రెండోది భౌతిక శాస్త్రానికి సంబంధించినది. గాలి వేడెక్కే కొద్దీ అందులో ధ్వని వేగం పెరుగుతుంది, ఒక్కో డిగ్రీకి సెకనుకు సుమారు 0.6 మీటర్ల చొప్పున. పగలు నేల దగ్గరి గాలి వేడిగా, పై గాలి చల్లగా ఉంటుంది. అప్పుడు ధ్వని తరంగాలు పైకి వంగి మన తల మీదుగా వెళ్లిపోతాయి. ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రి నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి పై గాలి కంటే చల్లగా మారుతుంది. తరంగాలు ఇప్పుడు కిందికి వంగి దూరపు ఇళ్ల మీదికి వస్తాయి. శీతాకాలం రాత్రుల్లో ఈ తేడా బాగా తెలుస్తుంది. ఇల్లు చూడడానికి పగటిపూట వెళ్లేవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి.

ఇంతకీ ఈ అలవాటు పూర్తిగా నిజమేనా? నిద్ర ప్రయోగశాలల్లో మెదడు తరంగాలతో పాటు గుండె వేగాన్నీ కొలిచినప్పుడు ఒక విషయం బయటపడింది. రాత్రులు గడిచే కొద్దీ శబ్దానికి మెలకువ రావడం తగ్గుతుంది. కానీ శబ్దం వచ్చిన ప్రతిసారీ గుండె వేగం కాసేపు పెరగడం మాత్రం దాదాపు అలాగే కొనసాగుతుంది. మనకు తెలియకపోయినా శరీరం ఆ కూతను లెక్కపెడుతూనే ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ యూరప్ విభాగం 2018లో ఇచ్చిన మార్గదర్శకాల్లో రైళ్ల వల్ల ఇంటి బయట రాత్రి సగటు శబ్దం 44 డెసిబెల్స్ దాటకుండా చూడాలని సూచించడానికి ఇలాంటి ఆధారాలే కారణం. పట్టాల వైపున్న గదిని సామాన్ల గదిగా చేసి, అవతలి గదిలో పడుకోవడం ఖర్చు లేని పరిష్కారం. తెలివిలో ఉన్న మనసుకు అక్కర్లేకపోయినా, నిద్రలో ఉన్న గుండెకు అది అవసరం.

నిద్ర: అలవాటైందన్న భ్రమ

తెల్లవారుజామున లోకల్ అందుకోవాలంటే నాలుగున్నరకు లేవాలి. రాత్రి ఇల్లు చేరి, తిని, పిల్లలతో కాసేపు గడిపి పడుకునేసరికి పదిన్నర, పదకొండు. అంటే ఆరు గంటలు, లేదా అంతకంటే తక్కువ. మొదటి వారం కళ్లు మండుతాయి. మూడో వారానికి పెద్దగా తెలియదు. అలవాటైందనుకుంటాం.

ఈ అనుభూతిని పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో హాన్స్ వాన్ డాంగెన్, డేవిడ్ డింజెస్ బృందం పరీక్షకు పెట్టింది. 2003లో ప్రచురించిన ఆ ప్రయోగంలో 48 మంది ఆరోగ్యవంతులు పాల్గొన్నారు. కొందరిని 14 రోజుల పాటు రాత్రికి 8 గంటలు, కొందరిని 6 గంటలు, కొందరిని 4 గంటలు మాత్రమే పడుకోనిచ్చారు. మరికొందరిని మూడు రోజులు అసలు నిద్రపోనివ్వలేదు. రోజూ అందరికీ ఏకాగ్రత పరీక్షలు పెట్టారు, ఎంత మగతగా ఉందో చెప్పమన్నారు.

6 గంటలే పడుకున్నవాళ్ల తప్పులు రోజురోజుకూ పెరుగుతూనే పోయాయి. రెండు వారాలయ్యేసరికి వాళ్ల పనితీరు ఒక రాత్రంతా మేలుకున్నవాళ్ల స్థాయికి దిగజారింది. 4 గంటల బృందం రెండు రాత్రులు మేలుకున్నవాళ్లలా మారింది. అసలు విశేషం మగత గురించి వాళ్లు చెప్పిన జవాబుల్లో ఉంది. మొదటి కొద్ది రోజులు మగత పెరిగిందని చెప్పారు. ఆ తర్వాత అది దాదాపు అక్కడే ఆగిపోయింది. తప్పులు పెరుగుతుంటే, బాగానే ఉన్నామన్న నమ్మకం మాత్రం స్థిరంగా నిలిచింది.

ఎండ విషయంలో శరీరం మారింది. ఇక్కడ మారింది మన కొలబద్ద మాత్రమే. కళ్లద్దాల మీద దుమ్ము మెల్లగా పేరుకుంటే లోకమే కాస్త మసకగా ఉంటుందనుకున్నట్టు. ఆఫీసులో చిన్న తప్పులు, ఇంట్లో ఊరికే వచ్చే కోపం, రాత్రి స్టేషన్ నుంచి బండి నడుపుతూ ఇల్లు చేరేటప్పుడు రెప్పపాటు మగత... వీటిని నిద్రలేమితో ముడిపెట్టడం మనకు తట్టదు. ఈ చివరిది ప్రాణాల మీదికి తెచ్చేది.

ఆదివారం పది దాకా పడుకుంటే బాకీ తీరిపోతుందా? కొంత తేరుకుంటాం. అయితే శరీరంలోని గడియారం ఆ ఉదయపు వెలుతురును ఆలస్యంగా చూసి వెనక్కి జరుగుతుంది, ఆదివారం రాత్రి నిద్ర పట్టదు, సోమవారం నాలుగున్నర మరింత కష్టమవుతుంది. రైల్లో తీసే కునుకు మేలు చేస్తుంది. కానీ కూర్చుని, ప్రతి స్టేషన్‌లోనూ కుదుపుకు ఉలిక్కిపడుతూ తీసే కునుకు మంచం మీది గాఢనిద్రకు సమానం కాదు.

ప్రయాణం: ఆ రెండున్నర గంటలు ఎక్కడ పోతాయి?

ఖరగ్‌పూర్ నుంచి హౌరాకు లోకల్ రైలు రెండున్నర నుంచి మూడు గంటలు తీసుకుంటుంది. బాలిచక్, పాంస్‌కురా, మెచెదా, కోలాఘాట్, బాగ్నాన్, ఉలుబేరియా, ఆందుల్, సాంత్రాగాఛి వంటివి కలిపి దారిలో ముప్పై దాకా స్టేషన్లున్నాయి. సగటున మూడున్నర కిలోమీటర్లకు ఒకటి.

ఒక్క స్టేషన్‌లో ఆగితే ఎంత సమయం పోతుందో చిన్న లెక్క వేద్దాం. రైలు గంటకు 80 కిలోమీటర్ల వేగంతో వెళ్తోంది అనుకుందాం. అంటే సెకనుకు 22 మీటర్లు. బయలుదేరేటప్పుడు ప్రతి సెకనుకూ అర మీటరు చొప్పున వేగం పెంచుకుంటే ఆ వేగం అందుకోవడానికి 44 సెకన్లు. ఈలోగా అది వెళ్లే దూరం, ఆగకుండా పోయే రైలు వెళ్లే దూరంలో సగమే. కాబట్టి నష్టం 22 సెకన్లు. బ్రేకు వేసేటప్పుడు ఇంకో 16 సెకన్లు పోతాయి. ప్లాట్‌ఫాం మీద ఆగేది అర నిమిషం. మొత్తం నిమిషం పైనే. ముప్పై స్టేషన్లకు 35 నిమిషాల దాకా అవుతుంది. ఎక్కడా ఆగకపోతే 115 కిలోమీటర్లకు 86 నిమిషాలు. రెండూ కలిపితే రెండు గంటలు. వంతెనల మీద, మలుపుల్లో, ఎక్స్‌ప్రెస్‌లకు దారి ఇచ్చేటప్పుడు, హౌరా ముందు సిగ్నల్ దగ్గర పోయే సమయం ఆ పైన.

రైలు వేగాన్ని 80 నుంచి 100కు పెంచితే? ఆగకుండా వెళ్లే సమయం 17 నిమిషాలు తగ్గుతుంది, కానీ అంత వేగాన్ని అందుకోవడానికీ తగ్గించుకోవడానికీ ప్రతి స్టేషన్‌లో ఇంకో పది సెకన్లు పోతాయి. చివరికి మిగిలేది 12 నిమిషాలే. పది స్టేషన్లు వదిలేస్తే దాదాపు అంతే సమయం కలిసొస్తుంది. గ్యాలపింగ్ లోకల్ అనే రకం బండ్ల వెనకున్న లెక్క ఇదే. లోకల్ రైళ్లలో ఇంజను ఒకచోట కాకుండా పలు పెట్టెల కింద మోటార్లు పెట్టడం కూడా ఇందుకే. ఉక్కు చక్రానికి ఉక్కు పట్టా మీద పట్టు తక్కువ. రైలు బరువులో ఎక్కువ భాగం మోటారు తిప్పే చక్రాల మీద పడితే, అవి జారకుండా రైలు త్వరగా వేగం అందుకుంటుంది.

ఇదంతా రైల్లో గడిచే సమయమే. ప్రేమ్ బజార్ నుంచి స్టేషన్‌కు టోటో, అక్కడ నడక, హౌరా నుంచి ఆఫీసుకు బస్సో మెట్రోనో కలపాలి. ఖరగ్‌పూర్‌లోని 1,072 మీటర్ల ప్లాట్‌ఫాం ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనది. ఈ చివర నుంచి ఆ చివరకు మామూలు నడకలో 13 నిమిషాలు పడుతుంది. 2024 మార్చిలో హుగ్లీ నది కింద మెట్రో మొదలై హౌరా నుంచి ఎస్ప్లనేడ్ ప్రయాణం తేలికైంది, అయినా ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు గుమ్మానికి మూడు గంటలకు తగ్గడం కష్టం.

మనుషులు ప్రయాణానికి రోజుకు ఎంత సమయం ఇస్తారో 1970ల్లో యాకోవ్ జహావి అనే రవాణా పరిశోధకుడు పలు నగరాల్లో పరిశీలించాడు. రాకపోకలు కలిపి సగటున గంటకు అటూ ఇటూగా తేలింది. ఇటలీ భౌతిక శాస్త్రవేత్త చెజారే మార్కెట్టి 1994లో దీన్ని చరిత్రకు అన్వయించాడు. నడిచే కాలంలో పెద్ద నగరాలు కూడా సుమారు ఐదు కిలోమీటర్ల వ్యాసం దాటలేదు, ఎందుకంటే నడిమధ్యకు అరగంట నడకే హద్దు. ట్రాములు, రైళ్లు, కార్లు వచ్చాక నగరం పెరిగింది. మనిషి ఇచ్చే గంట మాత్రం పెరగలేదు. ఇది సగటు మాత్రమే, ప్రకృతి నియమం కాదు. అయినా రోజుకు ఆరు గంటల ప్రయాణం ఆ సగటుకు ఆరింతలన్న సంగతి మనం ఏం చేస్తున్నామో చెబుతుంది.

ఎందుకు అలవాటు కాదు?

జీతం పెరిగితే, పెద్ద ఇల్లు దొరికితే వచ్చే సంతోషం కొంతకాలానికి మామూలైపోతుంది. కష్టాల విషయంలోనూ కొంతవరకు అంతే. అలాగైతే దూర ప్రయాణం కూడా మామూలు కావాలి కదా? స్విట్జర్లాండ్ ఆర్థికవేత్తలు అలోయిస్ స్టట్జర్, బ్రూనో ఫ్రే జర్మనీలోని వేలాది కుటుంబాల నుంచి ఏళ్ల తరబడి సేకరించిన సమాచారాన్ని పరిశీలించారు. దూరంగా ఉండేవాళ్లకు తక్కువ అద్దె, మంచి ఇల్లు, మెరుగైన జీతం రూపంలో పరిహారం దొరికి, చివరికి అందరి తృప్తీ సమానం కావాలని సిద్ధాంతం. లెక్కల్లో అలా రాలేదు. ప్రయాణ సమయం పెరిగే కొద్దీ జీవితం పట్ల తృప్తి తగ్గింది. ఇంటి వల్ల, జీతం వల్ల వచ్చిన లాభం దాన్ని పూడ్చలేదు. 2008లో అచ్చైన ఈ పరిశోధనలో దీన్ని రాకపోకల వైరుధ్యం అన్నారు.

కారణం మళ్లీ మెదడు ఊహలోనే ఉంది. రైలు కూత రోజూ ఒకేలా వస్తుంది, కాబట్టి మెదడు దాన్ని వదిలేస్తుంది. పెద్ద గది రోజూ ఒకేలా ఉంటుంది, కాబట్టి దాన్నీ వదిలేస్తుంది. ప్రయాణం ఏ రెండు రోజులూ ఒకేలా ఉండదు. ఒకరోజు సీటు దొరుకుతుంది, ఒకరోజు దొరకదు. ఒకరోజు పొగమంచు, ఒకరోజు సిగ్నల్ చెడిపోతుంది. ఊహకు అందనిదానికి మెదడు ప్రతిసారీ కొత్తగా స్పందిస్తుంది.

న్యూజెర్సీ నుంచి న్యూయార్క్‌కు రైల్లో వెళ్లేవాళ్ల మీద గ్యారీ ఎవాన్స్, రిచర్డ్ వీనర్ వరుసగా చేసిన అధ్యయనాలు దీన్ని బలపరుస్తున్నాయి. వాళ్లు ప్రయాణికుల లాలాజలంలో కార్టిసోల్ అనే ఒత్తిడి హార్మోన్‌ను కొలిచారు. ప్రయాణ సమయం ఎక్కువయ్యే కొద్దీ కార్టిసోల్ పెరిగింది. ప్రయాణం ఎంత అనిశ్చితంగా అనిపిస్తే ఒత్తిడి అంత ఎక్కువగా కనిపించింది. పెట్టెలో మొత్తం ఎంతమంది ఉన్నారన్నది పెద్దగా తేడా చేయలేదు, తమ సీటు వరుసలో ఎంత ఇరుకుగా ఉందన్నదే తేడా చేసింది. రైలు మారే అవసరం లేకుండా నేరుగా వెళ్లే బండి వచ్చినప్పుడు ఆ మార్గం ప్రయాణికుల ఒత్తిడి తగ్గింది.

ఇదంతా చదివి ప్రయాణం అంటేనే చెడ్డదనుకోనక్కర్లేదు. ప్యాట్రీషియా మొఖ్తారియన్ బృందం శాన్‌ఫ్రాన్సిస్కో ప్రాంతంలోని ఉద్యోగులను మీకు ఎంత ప్రయాణం ఉంటే బాగుంటుందని అడిగితే, చాలామంది సున్నా అనలేదు. సగటు జవాబు సుమారు 16 నిమిషాలు. ఇంటికీ పనికీ మధ్య మనసు మారడానికి కాస్త వ్యవధి కావాలి. మన లోకల్ రైళ్లలో డైలీ ప్యాసింజర్ల గుంపులు, పేకాట, ఒకరికొకరు పట్టి ఉంచే సీట్లు కూడా ఈ కోణంలో చూడాలి. ఒకే పెట్టె, ఒకే మనుషులు, దాదాపు ఖాయమైన సీటు అంటే అనిశ్చితమైన ప్రయాణంలో కొంత భాగాన్ని ఊహకు అందేలా చేసుకోవడమే. ఎవాన్స్, వీనర్ ఫలితాలు తెలియకుండానే ప్రయాణికులు సరైన చోట మందు వేసుకున్నారు.

ఇల్లు మారే ముందు ఒక లెక్క

మొదట నిద్ర గంటలు రాసుకోండి. పెద్దవాళ్లకు ఏడు గంటలైనా కావాలి. అది తీసేశాక మిగిలిన 17 గంటల్లో ఉద్యోగం, ప్రయాణం, వంట, పిల్లలు ఇముడుతున్నారా చూడండి. చాలామంది చేసేది దీనికి తిరగబడ్డ లెక్క. అన్నీ పోగా మిగిలింది నిద్రకు ఇస్తారు.

రెండోది, మొత్తం గంటలు కూడండి. రోజుకు ఆరు గంటల చొప్పున వారానికి ఐదు రోజులు, ఏడాదికి 48 వారాలు ప్రయాణిస్తే 1,440 గంటలు. అంటే రాత్రింబవళ్లు కలిపి 60 రోజులు. వారానికి రెండు రోజులే వెళ్లే వీలుంటే 24 రోజులు. ఖరగ్‌పూర్ లాంటి దూరం నుంచి రోజూ వెళ్లి రావడానికీ, వారానికి రెండు రోజులు వెళ్లడానికీ ఉన్న తేడా ఇంత. ఇంటి నుంచి పనిచేసే వెసులుబాటు నోటిమాటగా ఉందా, కాగితం మీద ఉందా అన్నది అద్దె ఒప్పందం కన్నా ముందు చూడాల్సిన విషయం.

మూడోది, సగటును నమ్మకండి. మంచి రోజున ఎంత పట్టిందో ఎవరైనా చెబుతారు. ఐదు రోజులు వరుసగా, వీలైతే పొగమంచు కాలంలోనో వానల్లోనో వెళ్లి చూడండి. ఐదింటిలో అన్నిటికన్నా చెడ్డ రోజు ఎంత పట్టిందో దాన్నే లెక్కలోకి తీసుకోండి. ఆ రోజు కూడా ఇల్లు చేరాక పిల్లలు మేలుకుని ఉంటారా అన్నది అడగాల్సిన ప్రశ్న.

మేము ఈ లెక్క ప్రేమ్ బజార్ వచ్చాక వేసుకున్నాం, రాక ముందు వేయాల్సింది. హౌరా ప్రయాణాన్ని వారానికి రెండు రోజులకు కుదించుకున్నాక, మూడో వారంలో ఒక మార్పు గమనించాం. రాత్రి రెండింటి గూడ్సు బండి కూత మళ్లీ ఒకటి రెండు సార్లు వినిపించింది. నిద్ర బాకీ ఉన్న మనిషి బాగా గాఢంగా పడుకుంటాడు, చప్పుడుకు లేవడం కష్టం. అంతకు ముందు మేము అలవాటు అనుకున్నదాంట్లో కొంత భాగం అలసటే.